పొద్దున ఏం తిన్నావు?

అణైకట్, వేలూరు, గుడియాత్తం వైపు మన పిల్లల తిండి, ఆట, నిద్ర గురించి ఒక నోటుబుక్కు చెప్పిన సంగతులు

జూలై మొదట్లో ఒక సోమవారం. ప్రార్థన సగంలో ఉండగా ఏడో తరగతి అమ్మాయి ఒకతె నిలుచున్నచోటే కూలబడింది. ఎత్తుకొచ్చి వరండాలో పడుకోబెట్టాం. మొహాన నీళ్లు చల్లాం. తేరుకున్నాక కాస్త చక్కెర నీళ్లు తాగించాం. 'పొద్దున ఏం తిన్నావమ్మా?' అని అడిగాం.

'టీ తాగాను టీచర్.'

'రాత్రి?'

'నిద్ర వచ్చేసింది టీచర్. పడుకున్నాను.'

అంటే ముందు రోజు మధ్యాహ్నం తిన్న అన్నమే ఆ పిల్ల కడుపులో ఉన్నది. తల్లి ఆంబూరు వైపు చెప్పుల కంపెనీలో పని చేస్తుంది. కంపెనీ వ్యాను తెల్లవారే వస్తుంది. ఆమె అన్నం వండకుండా పోలేదు. వండి, మూతపెట్టి, పిల్లకు అప్పజెప్పి పోయింది. తమ్ముడికి తినిపించి, వాడికి చొక్కా తొడిగి, తన జడ తాను వేసుకునేసరికి ఈ అమ్మాయికి బస్సు వేళ అయిపోయింది. తప్పు తల్లిది కాదు, పిల్లది కాదు. మన వైపు చాలా ఇళ్లలో పొద్దుటిపూట ఇలాగే గడుస్తుంది. గుడియాత్తంలో మగ్గం ఉన్న ఇల్లయినా, అగ్గిపెట్టెల పనికి పోయే ఇల్లయినా, అణైకట్ పక్కన సేద్యం చేసే ఇల్లయినా ఇదే తొందర.

ఆ రోజు మేము పాఠం చెప్పలేదు. 'ఈ పొద్దు తిని వచ్చినవాళ్లు చేతులెత్తండి' అన్నాం. చేతులెత్తినవాళ్ల కంటే ఎత్తనివాళ్లే మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేశారు. ఆ వారంలోనే ఒక్కొక్కరికీ నలభై పేజీల నోటుబుక్కు ఇచ్చాం. రోజుకు నాలుగు వాక్యాలు రాయాలి. ఏం తిన్నాను? ఏం ఆడాను? చేతులతో ఏం చేశాను? ఎన్నింటికి పడుకున్నాను? ఒకటే షరతు. తెలుగులో రాయాలి, ఇంట్లో ఏ పేరు పెట్టి పిలుస్తారో ఆ పేరే రాయాలి.

ఆ నోటుబుక్కులు మాకు నేర్పినవే ఈ నాలుగు మాటలు.

చద్దన్నానికి సిగ్గెందుకు?

మొదటి వారం పుస్తకాలు చూస్తే మా తరగతి అంతా హోటల్లో తింటున్నదేమో అనిపించింది. అందరూ ఇడ్లీ, దోసె, పూరీ. ఒక పిల్లవాడు వరసగా నాలుగు రోజులు 'పూరీ, కుర్మా' అని రాశాడు. శుక్రవారం వాళ్ల అవ్వ పింఛను పని మీద ఇటు వచ్చి బడిలోకి తొంగి చూసింది. 'మీ ఇంట్లో రోజూ పూరీలేనా అవ్వా?' అని నవ్వుతూ అడిగాం.

'పూరీ కాల్చి ఎన్నాళ్లయిందో టీచరమ్మా! వాడు దినమూ చద్దికూడే తిని వస్తాడు' అన్నది.

వాడు తల దించుకున్నాడు. వాడి సిగ్గు చూసి మాకే సిగ్గేసింది. తినే తిండి పేరు రాయడానికి పిల్లవాడు వెనకాడుతున్నాడంటే, ఆ పేరుకు మర్యాద లేకుండా చేసింది పెద్దవాళ్లమే కదా. సోమవారం మేమే డబ్బాలో చద్దన్నం, మజ్జిగ, ఎర్రగడ్డలు, ఊరగాయ తీసుకుపోయి, వాళ్ల ఎదుటే కూర్చుని తిన్నాం. మరునాటి నుంచి పుస్తకాల్లో నిజం కనిపించింది. చద్దన్నం, సంగటి, బొరుగుల ఉప్మా, రాత్రి మిగిలిన చారన్నం, కొన్నిచోట్ల 'ఏమీ లేదు' అని కూడా.

తమిళ స్నేహితులు 'పళయ సోరు' అనేదే మన చద్దన్నం. రాత్రి అన్నంలో మంచినీళ్లు పోసి మూతపెడితే తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. కడుపుకు చలవ, తేలిగ్గా అరుగుతుంది. అయితే వేలూరు ఎండల్లో ఒక జాగ్రత్త కావాలి. కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి, మూత ఉండాలి, పొద్దునే తినెయ్యాలి. మధ్యాహ్నం దాకా ఉంచి పిల్లలకు పెట్టకూడదు. మజ్జిగ కలిపి, పక్కన గుప్పెడు వేయించిన చెనిగ్గింజలో ఉడికించిన గుడ్డో ఉంటే అది పూర్తి భోజనం.

ఇక సంగటి. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మనం తినే తెల్లబియ్యంలో అందులో చిన్న భాగం కూడా ఉండదు. ఎదిగే పిల్లల ఎముకలకు ఇంతకంటే చవకైన దారి మన ఊళ్లలో లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మన అవ్వలు ఏ ప్రకటనా లేకుండానే దినమూ జరిపారు. వేసవిలో వీధిలో కూళు బండి దగ్గర పెద్దవాళ్లు గుక్కతిప్పుకోకుండా తాగే అంబలి కూడా ఈ రాగులదే. పిల్లలకు ఆ బండి చూపించి, 'దీన్ని మన ఇంట్లో అంబలి అంటాం' అని చెబితే ఒక తిండీ మిగులుతుంది, ఒక మాటా మిగులుతుంది.

గుడియాత్తం గెలిపించిన ముఖ్యమంత్రి

బడిలో అన్నం పెట్టడం మన రాష్ట్రానికి కొత్త కాదు. కామరాజ్ ముఖ్యమంత్రి అయిన 1954లో ఉప ఎన్నికలో నిలిచి శాసనసభకు గెలిచింది మన గుడియాత్తం నుంచే. ఆ దశాబ్దంలోనే ఆయన ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా విస్తరించింది. ఎం.జి.ఆర్. 1982లో దాన్ని పౌష్టికాహార పథకంగా మరింత పెద్దది చేశాడు. 2022 సెప్టెంబరు 15న ముఖ్యమంత్రి అల్పాహార పథకం మదురైలో మొదలైంది. 2023 ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ, 2024 జూలైలో గ్రామాల్లోని ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలకూ వచ్చింది. ఉప్మా, కిచిడీ, పొంగలి, సాంబారు. ఆకలితో ఉన్న పిల్లవాడికి అక్షరం ఎక్కదని ఒప్పుకున్న పథకం ఇది.

కానీ ఈ పళ్లెం ఐదో తరగతి వరకే. ఆరో తరగతిలో అడుగుపెట్టగానే ఆగిపోతుంది. సరిగ్గా పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చకచకా ఎదిగే వయసు అది. అందుకే ఆరు నుంచి పది చదివే పిల్లల తల్లిదండ్రులకు మేము ప్రత్యేకంగా చెబుతున్నాం. ఇన్నాళ్లూ బడి పెట్టిన పొద్దుటి ముద్ద ఇక ఇంటి బాధ్యతే.

నీలం మాత్ర వెనుక తెలుగు వైద్యుడు

కూలబడిన అమ్మాయిని ఆరోగ్య కేంద్రానికి పంపితే రక్తం తక్కువగా ఉందని తేలింది. బడిలో పది దాటిన పిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర అందుకే. అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ మాత్రలు కిటికీ బయట గడ్డిలో దొరకడం మేము చాలాసార్లు చూశాం. 'కడుపులో తిప్పుతుంది టీచర్' అంటారు. నిజమే, ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు.

మందలించడం మానేసి ఒక కథ చెప్పాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. తోబుట్టువులను స్ప్రూ అనే వ్యాధికి పోగొట్టుకున్నాడు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించే జబ్బు అది. తరువాత అమెరికా వెళ్లి లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందమే 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు అదే మందయింది. అంతకు ముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, తిండిలో ఏదో లోపిస్తున్నదని కనిపెట్టింది. మిల్లు కూలీల ఆకలితో మొదలైన వెతుకులాట ఒక తెలుగు వైద్యుడి బృందం చేతిలో మందుగా మారింది.

'అంటే ఈ మాత్ర మనవాళ్లదా టీచర్?' అని ఒకడు అడిగాడు. ఆ వారం గడ్డిలో మాత్రలు తక్కువ దొరికాయి.

ఇంట్లో చేయవలసినవి మూడే. మునగాకు, తోటకూర, పప్పులు, గుడ్డు, వీలైతే మాంసం వారంలో తరచు ఉండాలి. అన్నంతోపాటు నిమ్మకాయ పిండుకోవాలి, లేదా ఉసిరికాయో జామకాయో తినాలి. వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. అన్నం తినగానే టీ ఇవ్వకూడదు. అది ఇనుమును అడ్డుకుంటుంది. పొద్దున ఒట్టి టీ తాగి బడికి రావడమైతే అసలే వద్దు.

మన ఊరి ముళ్ల వంకాయ

ఒక రోజు ఇలవంబాడి వైపు నుంచి వచ్చే పిల్లవాడు సంచిలో నాలుగు వంకాయలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. తొడిమ నిండా ముళ్లు. ఇలవంబాడి మన అణైకట్ పక్కనే. అక్కడి ముళ్ల వంకాయకు 'వేలూరు ముళ్ల వంకాయ' అన్న పేరుతో 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాండం మీద, ఆకుల మీద కూడా ముళ్లుంటాయి. కోసేవాళ్ల చేతులు గీరుకుపోతాయి. కూర వండితే మాత్రం ఆ రుచి వేరు.

ఆ పూట వంకాయే మాకు అన్ని పాఠాలూ అయింది. బొమ్మ వేశారు. తూకం వేశారు. తమిళంలో 'ముళ్ళు కత్తరిక్కాయ్', తెలుగులో 'ముళ్ల వంకాయ' అని పక్కపక్కన రాశారు. ముల్లు రెండు భాషలకూ ఒకటేనని వాళ్లే కనిపెట్టారు. అలాగే అణైకట్టు, ఆనకట్ట. ఇంగ్లీషువాళ్లు నిఘంటువులో ఎక్కించుకున్న 'అనికట్' కూడా ఈ మాటే. పాలారు అంటే పాల ఏరు. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, ఆంధ్రలో కుప్పం వైపుగా పారి, మన వేలూరు పక్కనుంచి పోయి సముద్రంలో కలుస్తుంది. ఏరు మూడు రాష్ట్రాలు దాటినట్టే మన పిల్లలు రోజూ రెండు మూడు భాషలు దాటుతున్నారు. తమిళం బాగా నేర్చుకోవాలి, అది మనం బతికే నేల భాష. తెలుగును మరిచి నేర్చుకోనక్కరలేదు, అంతే.

ఆంబూరు బిర్యానీ పక్కన వడ్డించే వంకాయ పులుసుకూర అందరికీ ఇష్టమే. మన గుత్తివంకాయ దానికి తోబుట్టువు. నెలకు ఒకసారి బిర్యానీ తింటే తప్పు లేదు. రోజూ సాయంత్రం అయిదు రూపాయల చిరుతిళ్ల పొట్లం తింటేనే తప్పు. అందులో ఉప్పు, నూనె తప్ప చెప్పుకోదగ్గది లేదు. పెద్దవాళ్లకే రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీ స్పూను, చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పిల్లలకు అంతకంటే తక్కువ. అదే అయిదు రూపాయలకు ఒక బెల్లం వేరుశనగ అచ్చో, ఒక అరటిపండో వస్తుంది.

'చేతులతో ఏం చేశాను?'

మా నాలుగు ప్రశ్నల్లో ఎక్కువగా ఖాళీగా ఉన్నది ఇదే. రాసినవాళ్లు కూడా 'ఫోను చూశాను' అన్నారు. 'ఫోను చూసింది కళ్లు కదరా, చేతులేం చేశాయి?' అంటే నవ్వారు.

గుడియాత్తం నుంచి వచ్చే మగ్గం ఇంటి పిల్లవాడు మాత్రం 'నాన్నకు కండెలు చుట్టాను' అని రాశాడు. మేము కొంచెం తటపటాయించాం. దాన్ని మెచ్చుకోవాలా? పిల్లలచేత పని చేయించకూడదు కదా. వాళ్ల నాన్నను పిలిచి మాట్లాడాం. 'అరగంటే టీచర్, వాడే వచ్చి కూర్చుంటాడు. ఆటకు పోవద్దని ఎప్పుడూ అనను' అన్నాడు. ఆ మాట నచ్చింది. ఆట వేళను తినెయ్యనంతవరకు, ఇంటి పనితనం నేర్చుకోవడం పిల్లలకు గొప్ప సరదానే. ఆ పిల్లవాడే మరుసటి వారం తరగతిలో పడుగు, పేక అంటే ఏమిటో అందరికీ చెప్పాడు.

అక్కడి నుంచి ఆ వరస నిండడం మొదలైంది. ఒక అమ్మాయి అవ్వ దగ్గర వామనగుంటలు నేర్చుకుంది. తమిళంలో పల్లాంగుళి. చింతగింజలు ఉంటే చాలు, లెక్కలూ వస్తాయి. ఇంకొకరు అచ్చంగాయలు. ఇద్దరు పొడుపుకథలు పోగుచేసి వేరే పుస్తకంలో రాశారు. ఒకడు పాత రంగుడబ్బాలో కరివేపాకు మొక్క పెట్టాడు. మూడు ఆకులు వేసిందని రాసిన రోజు ఎర్ర సిరాతో గీత గీశాడు. ఒకరింట్లో అటక మీద పాత చందమామలు దొరికాయి. ఆ పత్రిక 1947లో మద్రాసులో తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ మొదలైంది. ఇప్పుడు రావడం లేదు, కానీ మా తరగతిలో ఆ నాలుగు సంచికలు చేతులు మారుతూనే ఉన్నాయి.

ఆట సంగతి. పిల్లలకు రోజుకు కనీసం అరవై నిమిషాలు ఒళ్లు చెమర్చే ఆట కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చెడుగుడు, తొక్కుడుబిళ్ల, పరుగులు, సైకిలు, ఏదైనా సరే. పట్నంలో ఇంటి ముందు జాగా లేదంటారు. ఆదివారం వేలూరు కోటకు తీసుకుపోండి. అగడ్త పక్కన నడిపించండి. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడ్డది ఇక్కడే అని చూపించండి. గుడియాత్తం వాళ్లకు మోర్దానా ఆనకట్ట ఉంది. నడకా అవుతుంది, చరిత్రా అవుతుంది, తండ్రితో గడిపిన పూటా అవుతుంది.

నాలుగో వాక్యం, నిద్ర. 'పదకొండున్నర' అని రాసిన పిల్లలు పొద్దున లేవలేరు, లేచినా తినలేరు. తినకపోతే ప్రార్థనలో నిలబడలేరు. అంటే పొద్దుటి ఆకలి ముందు రాత్రి ఫోను దగ్గరే మొదలవుతున్నది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కనీసం తొమ్మిది గంటలు, ఆపైవాళ్లకు ఎనిమిది గంటలు నిద్ర కావాలి. తొమ్మిదిన్నరకు ఫోను వంటింటి గూట్లో పెట్టండి. పెద్దవాళ్ల ఫోను కూడా.

చదవలేని సంతకం

నోటుబుక్కు కింద అమ్మానాన్నల సంతకం అడిగాం. అక్కడ మాకు తెలిసిన నిజం ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. కానీ చాలామంది తల్లిదండ్రులు చదివింది తమిళ మాధ్యమంలో. తెలుగు అక్షరం రాదు. బిడ్డ ఏం రాశాడో తెలియకుండానే సంతకం పెడుతున్నారు.

ఒక తండ్రి టి.సి. కోసం వచ్చాడు. ఇంగ్లీషు మీడియానికి మారుస్తామన్నాడు. 'కోపం లేదు టీచర్. మాకే తెలుగు చదవడం రాదు. ఇంట్లో వాడికి ఎవరు చెబుతారు?' అన్నాడు. మా దగ్గర గట్టి జవాబు లేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతుంది. ఆ మాట ఆయన ఇంటి దీపం కింద కూర్చుని పాఠం చెప్పదు కదా.

మేము ఒకటే అడిగాం. 'వారం రోజులు రాత్రిపూట వాడిచేత ఈ నోటుబుక్కు పైకి చదివించుకోండి. మీరు చదవనక్కరలేదు, వింటే చాలు.' వారం తరువాత వచ్చాడు. కొడుకు రాసిన 'అమ్మ చేసిన పితికిన పప్పు' అన్న వాక్యం విని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారట. ఆ పేరును అక్షరాల్లో చూడడం వాళ్లమ్మకు అదే మొదటిసారి. ఇప్పుడు ఆమె కొడుకు దగ్గర అ ఆలు దిద్దుకుంటున్నది. ఆ తండ్రి ఈ ఏడాదికి ఆగాడు. ఇంకో ఇద్దరు పిల్లలు ఆగలేదు, వెళ్లిపోయారు. వెళ్తూ నోటుబుక్కు తిరిగి ఇవ్వబోతే, 'మీ దగ్గరే ఉంచుకోండి, రాస్తూ ఉండండి' అన్నాం.

ఇంట్లో ఇవి చేసి చూడండి

• రాత్రే పొద్దుటి తిండి సిద్ధం చేసి పెట్టండి. చద్దన్నం, ఉడికించిన చెనక్కాయలు, అరటిపండు. వండే తీరిక లేని రోజు ఇవే అక్కరకు వస్తాయి.

• బడికి పోయే పిల్లకు చిన్నవాళ్ల పని అప్పజెబితే, ముందు తాను తిన్నాకే ఆ పని అని గట్టిగా చెప్పండి.

• వారానికి రెండుసార్లు రాగులు, రెండుసార్లు ఆకుకూర. సంచిలో నీళ్ల సీసా తప్పనిసరి.

• రాత్రి పది నిమిషాలు బిడ్డచేత తెలుగులో చదివించుకోండి. తప్పులు దిద్దకండి, వినండి.

• అవ్వాతాతలను ఆటలు, వంటలు, పొడుపుకథలు చెప్పమనండి. వాళ్లు ఉండగానే అడగాలి.

• తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. హాజరు పిలిచేటప్పుడు రెండు నిమిషాలు 'ఏం తిన్నావు?' అని అడగండి. జవాబు చెప్పని పిల్లను అందరిలో నిలదీయకండి, విడిగా పిలిచి కనుక్కోండి.

కూలబడిన అమ్మాయి ఇప్పుడు మెరుగ్గా ఉంది. తల్లి వ్యాను ఎక్కే ముందు పిల్లను లేపి, తన ఎదుటే తినమని కూర్చోబెడుతున్నది. అందుకోసం పావుగంట ముందు లేస్తున్నది. కంపెనీలో పగలంతా నిలబడే మనిషికి ఆ పావుగంట ఎంత విలువైనదో మాకు తెలుసు. నిన్న ఆ పిల్ల పుస్తకంలో ఇలా ఉంది: 'పొద్దున సంగటి, ఊరిబిండి. అమ్మ కూడా నాతో తినింది.'

మీ పిల్లలు ఈ పొద్దు ఏం తిన్నారు? ఈ రాత్రి అడగండి. తెలుగులోనే అడగండి.